కొనే ముందు ఇంటి తనిఖీ

మేము కొనదలచిన ఇంటిని ఈ వారం ఒక ఇన్‌స్పెక్టర్ చేత తనిఖీ చేయించాము. ఆయన వెంట తిరుగుతున్నప్పుడు నాకు మొదట స్పష్టమైనదేమిటంటే, ఈ తనిఖీ కంటికి కనిపించేంత వరకే పరిమితం. గోడలు పగలగొట్టరు, టైల్స్ ఊడదీయరు, కాబట్టి నివేదికలో ఒక లోపం రాయలేదంటే అది ఇంట్లో లేదని అర్థం కాదు.

పగుళ్ల దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. ప్లాస్టరు ఆరేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల వచ్చే సన్నని పగుళ్లను, అంటే 1 మిల్లీమీటరు లోపు వాటిని, పెద్దగా పట్టించుకోలేదు గానీ, కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగి, పైకి పోయే కొద్దీ వెడల్పవుతున్న ఒక పగులును మాత్రం కొలిచి, ఫొటో తీసి, పునాది ఒకవైపు కుంగి ఉండవచ్చునని, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలని రాశారు. బాత్‌రూమ్ వెనక గోడకు కొత్తగా రంగు వేసి ఉంది. అక్కడ తేమ మీటరు ఆనించగానే అంకె పైకి ఎగబాకింది. ఆ ఒక్క గోడకే రంగు ఎందుకు వేయించారో వేరే చెప్పనక్కరలేదు.

ప్లంబింగు, ఎర్తింగుతో సహా కరెంటు వైరింగు బాగానే ఉన్నాయి. నివేదికలోని చిన్నాచితకా మరమ్మతులను చూసి బేరం మానుకోవడం నా దృష్టిలో తొందరపాటే. నీటి లీకేజీకి, పునాదికి అయ్యే ఖర్చు తేలాకే ధర గురించి అమ్మేవారితో మళ్లీ మాట్లాడాలని నిశ్చయించుకున్నాము. ఇంజనీరు నివేదిక చేతికి వచ్చేవరకు ఒప్పందంపై సంతకం చేయబోము.