బాపు గదిదాకా సిగ్నల్ వచ్చింది

హన్మకొండలో మా ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ వచ్చి నెల దాటింది. హాల్లో బాగానే నడిచేది. వెనక గదిలో బాపు వీడియో కాల్ మాట్లాడితే మాత్రం అక్క ముఖం మధ్యలోనే ఆగిపోయేది. "మళ్లీ ఆగింది బిడ్డా" అని ఆయన ఫోన్ పక్కన పెట్టేస్తుంటే మనసు చివుక్కుమనేది.

ఈ ఆదివారం పట్టుబట్టి కూర్చున్నా. వైఫై ఇచ్చే రౌటర్ టీవీ వెనక, ఇనుప బీరువాకు ఆనుకొని ఉంది. ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. పైగా మావి పాతకాలపు మందపాటి గోడలు. పొడవు కేబుల్ తెప్పించి రౌటర్‌ను నడిమింట్లో చెక్క షెల్ఫ్ మీదికి ఎక్కించా. రౌటర్ రెండు రకాల వైఫై సిగ్నల్ ఇస్తుంది; బాపు ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ దాని నుంచి 2.4 దానికి మార్చా. 5లో వేగం ఎక్కువే కానీ గోడలు దాటేసరికి బలం తగ్గిపోతుంది. 2.4 నెమ్మదైనా దూరం పోతుంది.

పనిలో పనిగా రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేశా. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగ్స్ తెరిచే ఈ పాస్‌వర్డ్ వేరు. దయచేసి మీరూ ఒకసారి చూసుకోండి.

రాత్రి అక్క ఫోన్ చేసింది. బాపు మంచం మీదే కూర్చొని, మనవరాలి కొత్త పట్టీల మువ్వలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. 40 నిమిషాలు మాట్లాడారు. ఒక్కసారి కూడా ఆగలేదు.