మా ఆక్సలాటల్స్ పెట్టే టెన్షన్

డల్లాస్ ఎండల్లో మాకంటే మా ఆక్సలాటల్స్‌కే చల్లదనం ఎక్కువ కావాలి. ఇవి కప్పలకి చుట్టాలైన, బల్లిలా కనిపించే నీటి జీవులు. వీటి పుట్టిల్లు మెక్సికో సిటీలోని సోచిమిల్కో కాలువలు. నీళ్లు 16–18 డిగ్రీల సెల్సియస్ ఉంటే హాయిగా ఉంటాయి, 24 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ట్యాంక్‌కి నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెట్టాం.

వీళ్ల అల్లరి చూడాలి! వానపాము కనబడగానే చిన్నోడు నోరు తెరిచి నీళ్లతో సహా లాగేస్తాడు. చూపు అంతంతమాత్రం కాబట్టి ఒక్కోసారి పక్కవాడి కాలే నోట్లోకి పోతుంది. ఆమధ్య పెద్దోడి ముందుపాదం అలాగే పోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. వెంటనే ఇద్దరినీ వేరు చేశాం. కొన్నాళ్లకి తెగినచోట తెల్లటి మొగ్గ వచ్చింది, తర్వాత అందులోంచి బియ్యపు గింజల్లా నాలుగు వేళ్లు! ఎంత ఏడుపొచ్చిందో.

రెప్పలుండవు కాబట్టి నిద్రో, మెలకువో తెలీదు. గాలి మింగి తలకిందులుగా తేలితే నా గుండె ఆగినంత పనవుతుంది, కాసేపటికి బుడగ వదిలి మళ్లీ అడుగుకి దిగుతాడు. మొప్పలు ముందుకి వంగితే మాత్రం నీళ్లు పాడయ్యాయేమోనని వెంటనే టెస్ట్ చేస్తాను.

పెంచాలనుకునేవాళ్లు ట్యాంక్‌లో గులకరాళ్లు వెయ్యకండి, మింగితే పేగులకి అడ్డం పడతాయి.