ఒక్క ఊపిరిలో ఎంతవరకు

“గుండె నిండా గాలి పీల్చుకుని, మధ్యలో ఆపకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి” అన్నారు డాక్టరు. 31 దాకా వచ్చాను. మర్నాడు ఉదయం 19. సాయంత్రానికి 12.

అంతకు రెండు వారాల ముందు కావలిలో మూడు రోజులు విరేచనాలతో పడుకుని లేచాను. తర్వాత అరికాళ్లలో చీమలు పాకినట్లు మొదలైంది. నాలుగు రోజుల్లో కాళ్లు, చేతులు పడిపోయాయి. నెల్లూరు తీసుకొచ్చేసరికి నన్ను కారులోంచి ఎత్తి దించాల్సి వచ్చింది. గిలాన్ బారే సిండ్రోమ్ అన్నారు. క్రిమి మీదికి లేచిన రోగనిరోధక శక్తి సొంత నరాలనే పట్టుకుని కొరుకుతుందట. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఎక్కించారు. ఆ లెక్క 10 కంటే దిగితే వెంటిలేటరే అని పక్కన మెల్లగా అనుకోవడం నాకు వినిపించింది. చెవులు మాత్రం బాగానే పనిచేశాయి.

ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. ఫ్రెంచి విప్లవంలో భీతావహ పాలన గురించి చెప్పేటప్పుడు నాకు ఒక అలవాటు ఉండేది. 1794 జూన్ చట్టంతో నిందితులకు వకీలు లేకుండా పోయాడు. తీర్పులు రెండే: విడుదల, లేదా మరణం. కవి ఆంద్రే షెనియే తల జులై 25న తెగింది. సరిగ్గా మూడు రోజులకు, ఆ పాలనను ముందుండి నడిపిన రోబెస్పియర్ తల తెగింది. తుపాకీ గుండుకు దవడ విరిగి, అంతటి వక్త చివరి రోజు నోరు విప్పి మాట్లాడలేకపోయాడు. ఈ వాక్యం దగ్గర ప్రతి ఏడాదీ కాసేపు ఆగేదాన్ని. నా గొంతులో తృప్తి ఉండేది.

ఆసుపత్రిలో నా పెదవులు కలవడం మానేశాయి. కళ్లు మూతపడవు. రాత్రిళ్లు నర్సు చుక్కలు వేసి, రెప్పలకు ప్లాస్టరు అంటించి వెళ్లేది. ఆ చీకట్లో, దవడకు కట్టుతో గంటల తరబడి బల్ల మీద పడి ఉన్న ఆ మనిషి కనిపించేవాడు. అతను చేయించిన చావులను నేను క్షమించలేను. కానీ ఆ తృప్తి నాలోంచి పోయింది, మళ్లీ రాలేదు.

ఐసీయూ బయట బెంచీ మీద అమ్మ తొమ్మిది రోజులు కూర్చుంది. తలుపు కదిలితే చాలు, ఎవరి పేరు పిలుస్తారో అని పదిమందీ ఒక్కసారిగా లేచేవారట. ఆమె ఆ మాట చెప్పినప్పుడు నాకు స్టాలిన్ కాలపు రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా గుర్తొచ్చింది. కొడుకు జైల్లో ఉండగా లెనిన్‌గ్రాడ్‌లో 17 నెలలు జైలు ముందు వరుసల్లో నిలబడింది. చలికి పెదవులు నీలం తిరిగిన ఒకామె గుసగుసగా “దీన్ని రాయగలరా?” అంటే “రాయగలను” అంది. రాసినవి స్నేహితురాళ్లకు కంఠస్థం చేయించి కాగితం కాల్చేసేది. భయపడింది కాబట్టే కాల్చింది. ఆ భయంలోనే పద్యాలు బతికాయి.

మన నెల్లూరు కథ దీనికి పూర్తిగా ఎదురు. నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన, తిక్కన సోమయాజికి పినతండ్రి కొడుకో పెదతండ్రి కొడుకో, ఏదైనా ఆ ఇంటివాడే. పశువుల మేతకు కట్టే పన్ను పుల్లరి కోసం కాటమరాజుతో జరిగిన యుద్ధంలో వెనుదిరిగి ఇంటికి వచ్చాడు. స్నానానికి భార్య మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచిందని, తల్లి విరిగిన పాలు పోసి ఎత్తిపొడిచిందని చాటుపద్యాలు చెబుతాయి. నువ్వు విరిగి వచ్చావు, పశువులూ విరిగాయి, పాలూ విరిగాయి అని. అతను తిరిగి వెళ్లి చచ్చిపోయాడు. చిన్నప్పుడు ఈ పద్యానికి బహుమతి కూడా తెచ్చుకున్నాను.

పల్చటివి మింగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయని, చిక్కగా ఉన్నవే పెట్టమన్నారు. అమ్మ పెరుగన్నం వెన్నలా పిసికి, చెంచా అంచుతో నోట్లో పెట్టి, గొంతు కదిలేదాకా నా మెడ మీద రెండు వేళ్లు ఆనించి చూసేది. కదిలాకే రెండో చెంచా. మాట కాస్త వచ్చాక ఆమెకు ఖడ్గతిక్కన కథ చెప్పి, ఆ తల్లి చేసింది సరైనదేనా అని అడిగాను.

“ఏ తల్లీ అట్లా చేయదమ్మా. ప్రాణాలతో వచ్చిన బిడ్డకు ముందు అన్నం పెడుతుంది. ఆ పద్యం ఇంకెవరో కట్టి ఉంటారు” అంది అమ్మ, చెంచా తుడుస్తూ.

నేను చదివిన ఏ వ్యాఖ్యానంలోనూ ఈ మాట లేదు.

ఇంటికొచ్చాక అంకెలతో విసుగొచ్చి, ఊపిరి చూసుకోవడానికి ఆ కంద పద్యాన్నే అందుకున్నాను. మొదట్లో రెండో పాదం మధ్యలోనే అయిపోయేది. మూడో నెలలో చేతికర్ర పట్టుకుని వసారా దాకా నడిచాను. ఎడమ రెప్ప ఇంకా పూర్తిగా మూతపడదు. మొన్న ఆదివారం మాత్రం “పాలున్ విరిగెన్” దాకా ఒక్క ఊపిరిలో వచ్చాను.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. “వేరే పద్యమే దొరకలేదా తల్లీ!”