బుధవారం: ఉచిత బస్సు లెక్క

పొద్దుట్నుంచీ ఉక్కపోత. ఈవేళంతా ఒక్క అసైన్‌మెంటుకే సరిపోయింది. ‘స్త్రీ శక్తి’ పథకం మీద రెండు పేజీల పాలసీ మెమో. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు సున్నా టికెట్టు కొడుతున్నారు కదా, దాని లాభనష్టాలు తేల్చాలి.

విశాఖలో పాలసీ పేపరు అనగానే సగంమంది ఉక్కు ఫ్యాక్టరీని ఎత్తుకుంటారు. సొంత గనులు లేవు, 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయ ఆమోదం, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ. గొప్ప సబ్జెక్టే, కాదనను. కానీ సెమిస్టరులో తెమిలేది కాదు. చివరికి పేపరు కటింగులు అతికించినట్టు తయారవుతుంది. బస్సయితే ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండుకెళ్లి కళ్లారా చూడొచ్చు.

ఆర్టీసీ వాళ్ల నోట ఎప్పుడూ ఆడేవి మూడు: కిలోమీటరుకు రాబడి ఈపీకే, కిలోమీటరుకు ఖర్చు సీపీకే, సీట్లు ఏ మేరకు నిండాయో చెప్పే ఓఆర్. ఆంధ్రా యూనివర్సిటీలో 1957 నుంచే ఎంబీఏ ఉంది కాబట్టి రాబడి, ఖర్చు అని రెండు గళ్లు గీయడం ఈ ఊరికి కొత్తేం కాదు. పాలసీకి అవి చాలవు. ఆర్టీసీకి ఒకటి, ఖజానాకు ఒకటి, ప్రయాణికులకు ఒకటి, మూడు గళ్లు కావాలి. మేనేజ్‌మెంటు, పాలసీ కలిపి చదివేవాళ్లు బోల్తా కొట్టేది ఇక్కడే.

ఊహకో చిన్న లెక్క. ఒక ట్రిప్పులో ఇదివరకు 40 మంది ఆడవాళ్లు 20 రూపాయల టికెట్టుతో ఎక్కేవారు. ఉచితం అయ్యాక 55 మంది ఎక్కుతున్నారు. ప్రభుత్వం సున్నా టికెట్లన్నిటికీ పూర్తి చార్జీ చెల్లిస్తే ఖజానా నుంచి పోయేది 1,100. ఆర్టీసీకి పాత రాబడి 800, ఇప్పుడు 1,100, అంటే 300 మిగులు. పాత 40 మందికి ఆదా 800. కొత్తగా వచ్చిన 15 మంది మాటేమిటి? వాళ్లకు ఆ ప్రయాణం 20 రూపాయల విలువ చేసి ఉంటే మొదటే ఎక్కేవారు. కాబట్టి తలకు 20 కట్టకూడదు, సున్నా అనీ అనకూడదు. మధ్యస్థంగా 10 చొప్పున 150 వేసుకోవాలి. దీన్నే రూల్ ఆఫ్ హాఫ్ అంటారు. మూడు గళ్లూ కూడితే, అంటే ఆర్టీసీ 300, ప్రయాణికుల 950 కలిపి ఖజానా 1,100 తీసేస్తే, నికరంగా 150. మిగతాదంతా అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన బాపతే, చేతులు మారిందంతే. ఖజానా ఇచ్చిన 1,100ని ఖర్చులో వేసి, ఆడవాళ్ల ఆదాని లాభంలో వేయడం మర్చిపోతే పథకం దండగ అని తేలుతుంది. ఆదా వేసి ఖజానాని మర్చిపోతే బంగారమని తేలుతుంది. టీవీ చర్చల్లో రెండు పక్షాలూ చేసేది సరిగ్గా ఇదే!

ఆ 150 కూడా సీట్లు ఖాళీగా ఉన్నప్పటి మాట. మధ్యాహ్నం సగం ఖాళీగా పోయే బస్సులో ఇంకో 15 మంది ఎక్కితే అదనపు ఖర్చు దాదాపు లేనట్టే. అదే పొద్దున్న ఎనిమిదింటికి గాజువాక వైపు బస్సులో అయితే ఇంకో సర్వీసు వేయాలి. డ్రైవరు, కండక్టరు, డీజిలు, బస్సు అరుగుదల అన్నీ తగులుతాయి. అందుకే రోజంతటి ఓఆర్ సగటు తీసుకుంటే ఏమీ తెలియదు, గంటలవారీగా కావాలి. ఇంకోటి, 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అంతకుముందు సీపీకేనీ తర్వాతి సీపీకేనీ పక్కపక్కన పెట్టేముందు జీతాలు ఏ పద్దులో ఉన్నాయో చూసుకోవాలి.

గంటలవారీ అంకెలకు సమాచార హక్కు దరఖాస్తే గతి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అంటే సెమిస్టరు మొదటి వారంలోనే పెట్టాలి. మిడ్ పరీక్షలయ్యాక పెట్టినవాళ్లకు జవాబు వచ్చేసరికి సబ్మిషను అయిపోతుంది. ‘బస్సులు ఎందుకు తగ్గించారు?’ అని అడిగితే పని జరగదు. రికార్డులో ఉన్నదే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. ‘ఫలానా డిపో, ఫలానా నెల, ట్రిప్పువారీ టికెట్ల నివేదిక నకలు’ అని రాయాలి.

సర్వే సంగతి త్వరగా తేల్చేయొచ్చు. బస్టాపులో అడిగితే బస్సెక్కేవాళ్లే దొరుకుతారు. ఎక్కనివాళ్లు ఎందుకు ఎక్కడం లేదన్నది ఇళ్ల దగ్గరే తెలుస్తుంది. మధురవాడ నుంచి ఎంవీపీ కాలనీకి ఇంటిపనికి వెళ్లేవాళ్లను అడిగి చూడాలి. ‘డబ్బు మిగిలిందా?’ అని కాదు, ‘ఇదివరకు దేని మీద వెళ్లేవారు?’ అని. నడిచేవాళ్లు, షేర్ ఆటో ఎక్కేవాళ్లు, అసలు వెళ్లనివాళ్లు, ముగ్గురికీ లాభం వేరు. షేర్ ఆటో డ్రైవరు నష్టానికి కూడా ఒక గడి కావాలి మరి. మూడు గళ్లు నాలుగయ్యాయి.

మెమోలో ఉపోద్ఘాతం వద్దు. మొదటి వాక్యమే సిఫార్సు, తర్వాత కారణం, ఆ తర్వాత ప్రత్యామ్నాయాల పట్టిక. అన్నిటికంటే ముందు ఎవరికి రాస్తున్నామో తేల్చుకోవాలి. చార్జీ, పథకం షరతులు డిపో మేనేజరు చేతిలో లేవు. పొద్దుటి రద్దీకి ఒక బస్సును ఈ రూటు నుంచి ఆ రూటుకు మార్చమంటే ఆయన కనీసం వింటాడు. అందుకని ఈ మెమో డిపో మేనేజరు పేరనే పోతుంది, ఉచితం మంచిదా చెడ్డదా అన్న పేరా కొట్టేశాను.