డ్రాయింగు గదిలోని కోటు తాత

మన పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని నిర్వాహక సంఘం వారు ఫోను చేసినప్పుడు, హాస్టలు సాంబారు గురించీ బావిగట్టు గురించీ మీరంతా ఎలాగూ రాస్తారు కనుక, నేను కోటు తాత గురించే రాస్తానని చెప్పాను.

డ్రాయింగు గది తలుపు వెనక వేలాడిన, మనం కోటు తాత అని పిలిచిన ఆ గ్లాడ్‌స్టన్ పటాన్ని మన డ్రాయింగు మాస్టారు ఏదో పాత బంగళా వేలంలో సొంత జీతం డబ్బుతో కొన్నారు. 1879లో జాన్ ఎవరెట్ మిలే చిత్రించిన తైలవర్ణ చిత్రాన్ని చూసి థామస్ ఓల్డ్‌హామ్ బార్లో లోహపు రేకు మీద చెక్కిన మెజోటింట్ అది, అంటే నలుపులోంచి వెలుగును గీకి తీసే పద్ధతిలో వేసిన అచ్చు. పటంలోని ఆ గ్లాడ్‌స్టన్ నాలుగుసార్లు బ్రిటన్ ప్రధాని అయ్యాడని మాస్టారు చెబితే మనం పట్టించుకోలేదు గానీ, 1842లో తుపాకీ పేలి ఎడమచేతి చూపుడువేలు పోయిందనగానే, పటం మీద పడి వేళ్లు లెక్కపెట్టబోయాం.

తొమ్మిదో తరగతిలో, వానకు కరెంటు పోయిన ఆ సాయంత్రం మీకు గుర్తుండే ఉంటుంది. మాస్టారు కిరోసిన్ బుడ్డి వెలిగించి, గాజుముక్కను మంట మీద పట్టి మసి బాగా పట్టించి, తుమ్మముల్లుతో మెల్లగా గీకుతూ పోతే, ఆ నలుపులోంచి ముందు నుదురు, తరవాత ముక్కు, చివరికి తెల్ల కాలరు బయటికొచ్చాయి. “ముందు చీకటంతా సిద్ధం చేసుకోవాలిరా, వెలుగు ఎక్కడ కావాలో అక్కడే గీకాలి” అన్నారు. బార్లో చేసినదీ అదే పని. పళ్లున్న ఉక్కు పనిముట్టును అటూ ఇటూ ఊపుతూ రేకునంతా గరుకు చేస్తే, సిరా పూసి తీసిన అచ్చు కాటుకలా పడుతుంది. గీకి నునుపు చేసిన మేర సిరా నిలవదు కనుక అక్కడ కాగితం తెల్లగా మిగులుతుంది. భూతద్దం పెట్టి పటంలో కోటు తాత బుగ్గ నీడలో గీతల కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు.

ఆ తరవాత విజయవాడలో అచ్చుపనికి చేరి 31 ఏళ్లయింది. ఇప్పుడు మా సొంత ప్రెస్సులో 22 మంది పనిచేస్తున్నారు. రెండేళ్ల కిందట మా పెద్దమ్మాయి లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి తీసుకెళితే, మిలే వేసిన అసలు చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. రంగులు గొప్పగానే ఉన్నాయి గానీ, నా కళ్లు మన గది నలుపునే వెతుక్కున్నాయి.

ఈ సంచికను మా ప్రెస్సులోనే ఉచితంగా అచ్చు వేస్తున్నాను. ఆ పటం ఫొటో మీలో ఎవరి దగ్గరైనా ఉంటే నెలాఖరులోగా పంపండి; దాని నలుపు పలచబడకుండా చూసే పూచీ నాది.