చెక్కేసిన పలక మీద మళ్లీ అక్షరాలు

మూడు నెలల క్రితం మా అక్క చదువుకునే గదికి సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే మెషిన్) మీద ఒక టేకు పలక చెక్కాను. చెట్టు, కొమ్మల మీద రెండు పిట్టలు, కింద చుట్టూ గాడి గీసిన ఒక ఖాళీ పట్టీ. పట్టీలో ఏం రాయాలో అప్పుడు తేలక అలాగే వార్నిష్ వేసి ఇచ్చేశాను. మొన్న దాన్ని తిరిగి తెచ్చి, "ఇక్కడ ‘పుస్తకాల గది’ అని చెక్కి ఇవ్వరా, ఖాళీగా బాగోలేదు" అంది.

ఉత్త చెక్క మీదైతే ఇది అరగంట పని. కానీ పలక ఒకసారి మెషిన్ బల్ల (బెడ్) మీంచి దిగిందంటే జీరో, అంటే కొలతలన్నీ మొదలయ్యే బిందువు, పోయినట్టే. అంచుల నుంచి కొలుద్దామంటే వాటిని నేనే చేత్తో రుద్ది గుండ్రంగా చేసేశాను. అక్షరాలు గాడికి కాస్త వంకరగా పడినా కంటికి తెలిసిపోతుంది. పైగా ఆ పిట్టల రెక్కలు చేత్తో శుభ్రం చేయడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పాడవుతుందేమోనన్న టెన్షన్‌తో రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు.

తర్వాత తట్టింది. ఆ గాడిని చెక్కింది ఇదే మెషిన్. గాడి మూలలు ఎక్కడ ఉండాలో పాత డిజైన్ ఫైల్‌లో ఉంది. కింది రెండు మూలల మధ్య దూరం సరిగ్గా 340 మిల్లీమీటర్లు. పలకను క్లాంపులతో బిగించి, 60 డిగ్రీల వీ-బిట్ (వీ ఆకారపు మొన ఉన్న చెక్కే పనిముట్టు) పెట్టి, దాన్ని తిప్పే స్పిండిల్ ఆపి ఉంచి, దాని మొనను మెల్లగా ఎడమ మూలలోకి దించి అక్కడ జీరో పెట్టాను. పక్క నుంచి టార్చి వేసి, ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూస్తే మొన మూలలో కూర్చుందో లేదో బాగా తెలుస్తుంది. కుడి మూలలో ఇలాగే మూడుసార్లు కొలిచాను. దూరం సరిపోయింది, కానీ వై (ముందు-వెనక దిశ) కొలత 1.5 మి.మీ. ఎక్కువ వచ్చింది. అంటే పలక సుమారు పావు డిగ్రీ వంకరగా కూర్చుంది. మెల్లగా తట్టి సరిచేద్దామంటే క్లాంపు బిగించిన ప్రతిసారీ మళ్లీ కదిలేది. పలకను అలాగే ఉంచి, అక్షరాలనే పావు డిగ్రీ తిప్పాను. మెషిన్‌ను నడిపే కొన్ని కంట్రోలర్లలో జీ68 అనే ఆదేశంతో ప్రోగ్రాం మొత్తాన్ని తిప్పవచ్చు. నా మెషిన్ కంట్రోలర్ జీఆర్‌బీఎల్, అందులో ఆ సౌకర్యం లేదు. అందుకే డిజైన్‌లోనే తిప్పాల్సి వచ్చింది.

పట్టీ ఎత్తును కూడా కొలవడం మంచిదైంది. పొడవు మారలేదు గానీ, నారకు అడ్డంగా పలక అర మిల్లీమీటరుకు పైగా కుంచించుకుపోయింది. చెక్కలో తేమ తగ్గితే అడ్డంగానే ఎక్కువ తగ్గుతుంది, నార వెంట దాదాపు మారదు. అందుకని అక్షరాల స్థానాన్ని పలక పై అంచు నుంచి కాకుండా పట్టీ గాడి నుంచే లెక్కపెట్టాను.

తెలుగు అక్షరాల ఇబ్బంది వేరే. మెషిన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే ‘స్త’ విడిపోయి, పొల్లు సకారం పక్కన తకారంగా కనిపించింది. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే వత్తు సరిగ్గా వచ్చింది. దాన్ని పాత్‌గా (గీతల రూపంలోకి) మార్చి, ఒకదాని మీద ఒకటి పడిన గీతలన్నిటినీ యూనియన్ అనే ఆదేశంతో కలిపాను. ఈ పని మరిచిపోతే గుడి, కొమ్ము అక్షరాన్ని తాకే చోట మెషిన్ రెండు గీతలను వేర్వేరుగా చూసి మధ్యలో గట్టు వదిలేస్తుంది. వత్తు కిందికి దిగుతుంది కాబట్టి మొత్తం పదాన్ని కొలిచి పట్టీ మధ్యలో పెడితే మిగతా అక్షరాలు పైకి తేలినట్టు ఉన్నాయి. కొలతను పక్కనపెట్టి కంటికి నచ్చేదాకా కిందికి జరిపాను.

చెక్కే ముందు పట్టీ మీద ట్రేసింగ్ పేపర్ అతికించి, బిట్‌ను పట్టి ఉంచే కొలెట్‌లో బాల్‌పెన్ రీఫిల్ బిగించి, అక్షరాలతో పాటు గాడిని కూడా గీయించాను. కుడి చివర గీత గాడికి 3 మి.మీ. దూరంలో పడింది! కోణాన్ని వ్యతిరేక దిశలో తిప్పానన్నమాట. తప్పు సరిదిద్ది మళ్లీ గీయిస్తే ఈసారి గీత గాడిలోనే నడిచింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

ఇంకో జాగ్రత్త. పిట్టలు పట్టీ కన్నా ఎత్తుగా ఉన్నాయి. బిట్ పైకి లేచి కదిలే ఎత్తును పట్టీ నుంచి 5 మి.మీ. అని వదిలేసి ఉంటే రెక్క విరిగేది. 15కి పెంచాను.

పట్టీ మీద వినైల్ ఫిల్మ్ అతికించి, లోతు జీరోను కావాలనే 1.5 మి.మీ. పైకి పెట్టి మొదటిసారి నడిపాను. ‘పు’ సన్నగా, చక్కగా వచ్చింది. ‘గది’ దగ్గరకొచ్చేసరికి గీత సగమే ఉంది. పలక మెలితిరిగి కుడివైపు 0.6 మి.మీ. కిందికి ఉంది. వీ-బిట్‌తో లోతు మారితే గీత వెడల్పూ మారుతుంది. 60 డిగ్రీల బిట్‌కి ఆ 0.6 అంటే దాదాపు 0.7 మి.మీ. వెడల్పు. అలా వదిలేస్తే ఒకే పేరులో రెండు రకాల అక్షరాలు ఉన్నట్టుండేది.

క్లాంపులు విప్పే ధైర్యం లేక, ఆరు అక్షరాలకు ఆరు ప్రోగ్రాములు చేశాను. ప్రతి అక్షరం పక్కన చెక్కని చోట బిట్ కింద కాగితం పెట్టి, అది పట్టుకునేదాకా దించి, అక్కడికక్కడ కొత్త జెడ్ (లోతు) జీరో పెట్టాను. ఎక్స్, వై ముట్టుకోలేదు. ఓపిక పట్టే పని, కానీ ఆరూ ఒకే మందంలో వచ్చాయి.

రంగు వేసే ముందు అక్షరాల లోపల సీలర్ పూశాను. కోసిన చెక్కకు నేరుగా రంగు వేస్తే నార వెంట పాకుతుంది. సీలర్ ఆరాక నల్ల రంగు రెండు పూతలు వేసి, అది పూర్తిగా గట్టిపడకముందే ఫిల్మ్ లాగేశాను. ‘స్త’ వత్తు తోక దగ్గర ఫిల్మ్ కాస్త లేచి ఉండటంతో చిన్న మరక పడింది. సూది మొనతో గీకి తీశాను. దగ్గరగా చూస్తే వార్నిష్ మీద ఆ చోటు ఇంకా కొంచెం మసకగా కనిపిస్తుంది.

మళ్లీ బెడ్ మీద అదే చోట కూర్చునేలా, ఇప్పుడు చెక్కే ప్రతి పలక వెనక రెండు పిన్ను రంధ్రాలు వేసి, వాటి కొలతలు పెన్సిల్‌తో అక్కడే రాస్తున్నాను.