ఒక్క హైడ్రాక్సీమిథైల్ తేడా

ఎసైక్లోవిర్, గాన్సిక్లోవిర్ అనే యాంటీవైరల్ మందుల అణువుల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ గ్వానిన్ (డీఎన్ఏ అక్షరాల్లో ఒకటి) ఒకటే. గాన్సిక్లోవిర్ తోకకి మాత్రం అదనంగా ఒక హైడ్రాక్సీమిథైల్ (CH₂OH అనే చిన్న ముక్క) ఉంటుంది. హెర్పిస్ వైరస్ థైమిడిన్ కైనేజ్ (ఈ మందులను క్రియాశీలం చేసే ఎంజైమ్) ఉన్న కణితి కణాల్లో ఈ చిన్న ముక్కే కథంతా మార్చేస్తుంది. ఎసైక్లోవిర్ చేరగానే డీఎన్ఏ గొలుసు అక్కడే ఆగిపోతుంది. గాన్సిక్లోవిర్ చేరినా గొలుసు సాగగలదు, అసలు దెబ్బ తర్వాతి విభజన చక్రంలో బయటపడుతుంది. అందుకే 24 గంటలకే కణాలు లెక్కపెడితే మందు పనిచేయలేదనిపిస్తుంది. కనీసం 72 గంటలు ఆగండి. కైనేజ్ లేని అవే కణాలను పక్కన కంట్రోల్‌గా పెట్టకపోతే ఆ ఫలితాన్ని నేనైతే నమ్మను.

ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఇదీ హెర్పిస్ కుటుంబానిదే) ఉన్న కణితుల్లో ఇంకో చిక్కు: వైరస్ నిద్రాణంగా ఉంటే దాని కైనేజ్‌లు తయారవవు. ముందు బ్యూటిరేట్ లాంటి రసాయనంతో వైరస్‌ను లేపాలి.